కేటలాగు మూసి కాలమ్ కొనండి
కారం కొలిచే ల్యాబుకి కొన్ని తలకిందుల సలహాలు

న్యూఢిల్లీ అశోకా రోడ్‌లో ఒకటో నంబరు ఆంధ్రప్రదేశ్ భవన్. అక్కడి కాంటీన్‌లో అన్నంలో పప్పు, పొడి, నెయ్యి కలుపుకుని ముక్కు తుడుచుకుంటూ తినే ఉత్తరాదివాళ్ళని చూస్తే, మన మిరపకి రాజధానిలో ఎంత మర్యాదో అర్థమవుతుంది. పళ్ళెంలో కారం ఎంతో నాలుక తేలుస్తుంది. ఎగుమతి సరుకులో కారాన్నీ, కలిసిన రంగునీ హెచ్‌పీఎల్‌సీ తేల్చాలి.

2003లో మన దేశం నుంచి వెళ్ళిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే కల్తీ రంగు ఫ్రాన్స్‌లో బయటపడింది. ఆ ఏడాది జూన్‌లోనే యూరోపియన్ యూనియన్, వచ్చే మిరప సరుకుకి పరీక్ష పత్రం జతచేయాలని నిబంధన పెట్టింది. 2005లో రంగు కలిసిన కారం ఒక సాస్‌లో చేరి, బ్రిటన్ అంగళ్ళ నుంచి వందల రకాల ఆహారాల్ని వెనక్కి తీయించింది. ఎవరో కలిపిన రంగుకి, ఏమీ కలపనివాళ్ళు కూడా రుజువు చూపించాల్సి వచ్చింది. ఆ రుజువు రివర్స్‌డ్ ఫేజ్ కాలమ్ లోంచే రావాలి. దాన్ని ఎంచుకోవడానికి నేను చెప్పే పద్ధతి మీ సీనియర్లకి తప్పుగా తోచవచ్చు. అయినా ఇలాగే చేయమంటాను.

1. ముందు కేటలాగు మూసేయండి. విడిపోకుండా మొరాయించే జంట ఏదో కాగితం మీద రాయండి. మిరప ఘాటులో అది నార్‌డైహైడ్రోక్యాప్సైసిన్, క్యాప్సైసిన్. సి-18 మీద ఒకదాని వెనకే ఒకటి వస్తాయి. స్కోవిల్ యూనిట్ల లెక్కలో క్యాప్సైసిన్‌కి గుణకం 16.1, నార్‌డైహైడ్రోకి 9.3. రెండూ ఒకే పీక్‌లో కలిసిపోతే లేని కారం లెక్కలోకి వస్తుంది. ఆ రెంటినీ విడదీసే కాలమ్ చవకదైనా సరే, మీకు అదే మంచిది.

2. పీకులు విడిపోలేదని పొడుగు కాలమ్ కొనకండి. పొడవు రెట్టింపు చేస్తే రిజల్యూషన్ పెరిగేది 1.4 రెట్లే, అదే ఫ్లో మీద రన్ టైమూ ప్రెషరూ మాత్రం రెట్టింపవుతాయి. ముందు ఎసిటోనైట్రైల్ తీసేసి మెథనాల్ పెట్టి చూడండి. కుదరకపోతే ఫినైల్ కాలమ్ ఎక్కించండి. బెంజీన్ వలయాల్ని పట్టుకునే దాని గుణం ఎసిటోనైట్రైల్‌లో మందగిస్తుంది, మెథనాల్‌లో బాగా పనిచేస్తుంది. కాబట్టి ఆ రెంటినీ కలిపే పరీక్షించాలి.

3. గట్టిగా పట్టుకునే కాలమ్ గొప్పదనుకోకండి. సుడాన్ రంగులు నూనెలో కరిగేవి, నీళ్ళంటే గిట్టనివి. కార్బన్ లోడ్ ఎక్కువున్న పొడుగు సి-18 వాటిని ఓ పట్టాన వదలదు. మిరపలోని సహజ ఎరుపు ఎస్టర్లని అసలే వదలదు. అవి తర్వాతి రన్‌లో దెయ్యం పీకులై తేలతాయి. వీటికి పొట్టి కాలమ్ గానీ సి-8 గానీ ఎంచుకుని, ప్రతి రన్ చివరా గాఢమైన సాల్వెంట్‌తో కడగండి. కారానికీ కల్తీ రంగుకీ ఒకే కాలమ్ సరిపెట్టాలన్న పొదుపు వద్దు.

4. మిరప సహజ రంగులైన కెరోటినాయిడ్ల ఐసోమర్లు విడివిడిగా కావాలంటే సి-18ని పక్కన పెట్టండి. వాటి కోసమే 1994లో అమెరికాలోని నిస్ట్ సంస్థలో శాండర్, వైజ్ బృందం సి-30 ఫేజ్ తయారుచేసింది. పొడుగు గొలుసులు కాబట్టి అణువు ఆకారంలోని తేడాని అవి పట్టుకుంటాయి.

5. హై పీహెచ్ కాలమ్‌కి డబ్బు పోయకండి. మామూలు సిలికా కాలమ్ పీహెచ్ 2 నుంచి 8 దాకా నిలుస్తుంది. క్యాప్సైసిన్‌లో ఉన్నది అమైడ్, క్షార గుణమున్న అమైన్ కాదు. దానికి కొంచెం ఆమ్లం కలిపిన నీళ్ళు చాలు. అమైన్ మందుల పీకులకి తోకలొచ్చే హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో అయితే ఆ ఖర్చు సార్థకం. అక్కడ వెనకాడకండి.

6. స్టాండర్డ్ ఇంజెక్ట్ చేసి కాలమ్‌ని మెచ్చుకోకండి. శుద్ధమైన ద్రావణంలో ఏ కాలమ్ అయినా అందమైన పీకులే ఇస్తుంది. మీ దగ్గరున్న నూనె ఎక్కువైన, ముదురెరుపు కారాన్ని తీసి దానితో మొదటి పరీక్ష పెట్టండి. ఆ కారంలోనే తెలిసిన మోతాదు సుడాన్ కలిపి, ఎంత తిరిగి దొరికిందో చూడండి.

7. కాలమ్ కంటే ముందు గార్డ్ కాలమ్ కొనండి. మురికిని అదే ఆపుతుంది, పాడైతే మార్చేయవచ్చు.

8. మెథడ్‌లో "సి-18" అని రాసి ఊరుకోకండి. అమెరికన్ ఫార్మాకోపియా ఎల్1 అన్న ఒక్క పేరు కిందే సి-18లన్నిటినీ చేరుస్తుంది. వాటి సిలికా శుద్ధీ, కార్బన్ లోడూ, ఎండ్ క్యాపింగూ వేరువేరు. కంపెనీ, మోడల్, కణం సైజు, లాట్ నంబరు రాయండి. అదే కాలమ్ వేర్వేరు లాట్లవి మూడు తెప్పించి పోల్చండి. ఇంకో కంపెనీది ఒకటి ప్రత్యామ్నాయంగా పరీక్షించి ఉంచండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మీ రిపోర్టు మీ ల్యాబులోనే ఆగిపోదు. రేవు దాటాక అదే సరుకుని అవతలి దేశం ల్యాబు తన కాలమ్ మీద మళ్ళీ పరీక్షిస్తుంది. అక్కడ మీ అంకె నిలబడకపోతే కంటెయినర్ వెనక్కొస్తుంది. ఆ నష్టం భరించేది కాలమ్ ఎంచుకున్నవాళ్ళు కాదు, మిరప పండించినవాళ్ళు.