తక్కువ తిరిగిన పడవ

సియాటిల్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ క్రూయిజర్ల అమ్మకం ప్రకటనలు చూడండి. పడవ ఏ కంపెనీదైనా, ఏ సంవత్సరానిదైనా ఫొటోల కింద గర్వంగా మెరిసే మాట ఒకటుంటుంది: ఇంజన్లు చాలా తక్కువ గంటలు తిరిగాయి. 1995 మోడల్, 34 అడుగుల పొడవు, రెండు 7.4 లీటర్ల వి-8 పెట్రోలు ఇంజన్లు, 600 గంటలు. ధర 45,000 డాలర్లు. ఇద్దరు పడుకునే గది, వంటగట్టు, ఫ్రిజ్, షవరు, టాయిలెట్టు. ‘ప్రాణంలా చూసుకున్న యజమాని, బాధతో అమ్ముతున్నాడు’ అని చివర ఒక కన్నీటి చుక్క.

ఇది చదివి మురిసిపోయేవాడు మనవాడే. రెడ్‌మండ్‌లో ఉద్యోగం, సమ్మామిష్‌లో ఇల్లు, గరాజులో టెస్లా, తలలో ప్రతిదానికీ ఒక స్ప్రెడ్‌షీట్. టోస్టరు కొనాలన్నా పదకొండు మోడళ్లు పక్కపక్కన పెట్టి పోల్చి చూసే మనిషి. అలాంటివాడు పడవ దగ్గరికి వచ్చేసరికి ఒక్క భాగహారం చెయ్యడు. 600ని 30తో భాగిస్తే 20. అంటే ఆ ప్రాణంలా చూసుకున్న యజమాని ఏడాదికి 20 గంటలు దాన్ని నడిపాడు. ఏడాదికి 8,760 గంటలు. మిగిలిన 8,740 గంటలూ అది డాక్‌కి కట్టేసి ఉంది, అద్దె కడుతూ.

కారు విషయంలో తక్కువ తిరిగిందంటే మంచి మాటే. పడవ విషయంలో అది అమ్మేవాడు తనకు తెలియకుండా రాసిచ్చిన వాంగ్మూలం. ‘నేను దీన్ని వాడలేకపోయాను. నాకంటే ముందువాడూ వాడలేకపోయాడు. ఇక తమరి వంతు’ అని దాని సారాంశం. ప్రకటనలో నిజం చెప్పిన వాక్యం అదొక్కటే. కొనేవాడు దాన్ని ప్రశంసగా చదువుకుంటున్నాడు, అంతే.

పోనీ, వాడకపోతే ఇంజను కొత్తగా ఉంటుందా? అదీ లేదు. ఈ పాత పెట్రోలు ఇంజన్లలో చాలావాటిని చల్లబరిచేది బయటి నీళ్లే. పంపు లోపల రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరిగి సముద్రపు నీటిని పైకి లాగుతుంది. తిరగకుండా నెలల తరబడి ఉంటే ఆ రెక్కలు వంగిన చోట వంగినట్టే గట్టిపడి, మొదటి ఎండరోజున విరిగి, ముక్కలు గొట్టాల్లోకి పోతాయి. వేడి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, వాటి మీది రైజర్లు పోత ఇనుపవి. వాటి గోడల మధ్య ఉప్పునీరు పారుతుంది. ఇంజను ఆపాక తడీ, ఉప్పూ అక్కడే ఉండి తీరిగ్గా తినేస్తాయి. అందుకే ఉప్పునీటిలో తిరిగే పడవకి వాటిని ఐదారేళ్లకోసారి మార్చుకోమంటారు. మార్చకపోతే ఒకరోజు లోపలి గోడకి చిల్లు పడి నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి. నీళ్లను నొక్కి చిన్నది చెయ్యడం పిస్టన్ తరం కాదు, కాబట్టి వంగేది కనెక్టింగ్ రాడ్డు. ట్యాంకులో ఇథనాల్ కలిసిన పాత పెట్రోలు ఉంటే అది తేమను పీల్చుకుని, నీళ్లు వేరుగా అడుగున చేరతాయి. గంటలు లెక్కపెట్టే మీటరుకి ఇవేవీ తెలియవు. ఇంజను తిరిగినప్పుడే అది లెక్క పెడుతుంది, తుప్పు పట్టినప్పుడు పెట్టదు.

నన్నడిగితే, పద్ధతిగా ఆయిలు మార్పించి, ఏటా వంద గంటలు తిప్పిన ఇంజనే నయం. కానీ ఆ పడవ ప్రకటన ఎవరూ తెరవరు. ‘అమ్మో, మూడువేల గంటలా’ అని వేలితో పక్కకి తోసేస్తారు.

ఇప్పుడు మనవాడు చెయ్యని ఆ లెక్క చూద్దాం. మెరీనాలో పడవ కట్టేసుకునే చోటుకి, అంటే స్లిప్పుకి, అద్దె అడుగుకి నెలకి 20 డాలర్లు అనుకుందాం. 34 అడుగులకి నెలకి 680, ఏడాదికి 8,160. బీమా ఒక వెయ్యి వేసుకోండి. వాషింగ్టన్ రాష్ట్రం పడవ విలువ మీద ఏటా అర శాతం పన్ను తీసుకుంటుంది, అది 225. మరమ్మతులకి కొన్న ధరలో పదోవంతు పక్కన పెట్టుకోమని పడవల లోకంలో ఒక నానుడి ఉంది, ఆ ప్రకారం 4,500. మొత్తం 13,885. ఏడాదికి 20 గంటలు నడిపితే గంటకి దాదాపు 700 డాలర్లు. పెట్రోలు ఇంకా పొయ్యలేదు. ఈ ఇంజన్లు రెండూ కలిసి గంటకి పాతిక ముప్పై గ్యాలన్లు తాగుతాయి. మెరీనా పంపులో రేటు రోడ్డు మీది బంకులో కంటే ఎక్కువే.

ఆ పదోవంతు నానుడిలో పెద్ద మోసం ఉంది. పడవ ధర ముప్పై ఏళ్లలో పడిపోయింది. రైజరు ధర పడిపోలేదు, మెకానిక్కు గంట కూలీ పడిపోలేదు, పడవని క్రేనుతో నీళ్లలోంచి లేపే ఛార్జీ పడిపోలేదు. ఇలాంటి పడవ కొత్తది కొనాలంటే లక్షల డాలర్లు. మనవాడు కొన్నది 45,000 డాలర్ల పడవ అనుకుంటున్నాడు. పాపం, లక్షల డాలర్ల పడవని 45,000 డాలర్లు ఇచ్చి దత్తత తీసుకున్నాడు. ఏనుగుని చవగ్గా అమ్మేవాడు మేత ఖర్చు తగ్గించి ఇవ్వడు కదా.

“అన్నా, ఇది ఖర్చు కాదు, ట్యాక్స్‌లో కలిసొస్తుంది” అంటాడు మనవాడు ఆదివారం పాట్‌లక్‌లో, పులిహోర ప్లేటు పట్టుకుని. నేను ఇష్టంగా ఎదురుచూసే ఘట్టం ఇదే. వాడు చెప్పేది గాలిమాట కాదు. పడుకునే చోటు, వండుకునే చోటు, టాయిలెట్టు ఉంటే అమెరికా ఆదాయపు పన్ను శాఖ పడవని కూడా రెండో ఇల్లుగా ఒప్పుకుంటుంది. దాన్నే తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మీది వడ్డీకి మినహాయింపు అడగొచ్చు. పడవ అమ్మిపెట్టే బ్రోకరు ఇంతవరకు చెప్పి చిరునవ్వుతో ఆగిపోతాడు. 2017 చివర్లో మారిన చట్టం ప్రకారం, ఆ తర్వాత తీసుకున్న ఇంటి అప్పుల్లో అన్నీ కలిపి ఏడున్నర లక్షల డాలర్ల వరకే ఈ వెసులుబాటు. సమ్మామిష్‌లో ఇల్లు కొన్నవాడికి ఆ ఏడున్నర లక్షలు హాలూ, వంటగదీ దాటేసరికే అయిపోయి ఉంటాయి. ఇక పడవకి మిగిలేది సున్నా. అయినా ప్రతి పాట్‌లక్‌లోనూ ఈ రెండో ఇంటి కథ వినిపిస్తూనే ఉంటుంది. మొదటి ఇంటి ప్లంబరుకే ఫోన్లు చేసి అలిసిపోయినవాడు రెండో ఇల్లు నీళ్ల మీద కొనుక్కోవడం ఏమిటో నాకు అంతుపట్టదు.

సర్వే సంగతి త్వరగా చెప్పేస్తాను. కొనేముందు సర్వేయరు వచ్చి చిన్న సుత్తితో డెక్ అంతా తట్టుకుంటూ తిరుగుతాడు. ఖణేల్ అంటే గట్టిది, డబ్ అంటే లోపలి బాల్సా చెక్క నాని కుళ్లింది. ఫీజు అడుగు లెక్కన. పడవని పైకి లేపడానికి వేరే, ఇంజన్లు చూసే మెకానిక్కుకి వేరే. ఇక్కడ మనవాడు రెండు వేలు మిగుల్చుకోవాలనుకుంటాడు. లేదా ‘మాకు తెలిసిన మంచి సర్వేయరున్నాడు’ అని బ్రోకరు చెప్పిన మనిషినే పిలుస్తాడు. బ్రోకరు కమిషను అమ్మేవాడు ఇచ్చే డబ్బులోంచి వస్తుంది. పెళ్లికొడుకు గురించి వాకబు చెయ్యడానికి పెళ్లికొడుకు మేనమామనే పంపే తెలివి మన ఊళ్లలో ఎవరికీ లేదు. సియాటిల్లో ఎక్కడినుంచి వచ్చిందో.

కొనడం అయిపోయింది. సేల్స్ ట్యాక్సు సుమారు పది శాతం కట్టాడు. పూజకి నిమ్మకాయలు తెచ్చారు, తొక్కించడానికి టైర్లు లేవు. కొబ్బరికాయ ముందు భాగం మీద కొడదామంటే పైపూత పగులుతుందని బ్రోకరు పరిగెత్తుకొచ్చాడు. చివరికి డాక్ అంచున సిమెంటు మీద కొట్టారు. నడపడానికి లైసెన్సా? 1955 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఈ రాష్ట్రంలో బోటర్ ఎడ్యుకేషన్ కార్డు కావాలి. అది ఇంట్లో సోఫాలో కూర్చుని, ఆన్‌లైన్లో పరీక్ష రాసి తెచ్చుకోవచ్చు. కొరోలా నడపాలంటే పక్కన మనిషి కూర్చుని పార్కింగు చేయించి చూస్తాడు. ఆరేడు టన్నుల పడవకి, బ్రేకుల్లేని పడవకి, అదేమీ అక్కర్లేదు.

దాని ఫలితం చూడాలంటే వేసవి శనివారం బాలర్డ్ లాక్స్‌కి వెళ్లండి. లేక్ వాషింగ్టన్‌నీ సముద్రాన్నీ కలిపే ఈ నీటి తలుపుల గదులు 1917లో అధికారికంగా మొదలయ్యాయి. వందేళ్లుగా సియాటిల్ జనానికి ఉచిత వినోదం. రెయిలింగు పట్టుకుని, ఐస్‌క్రీం తింటూ, కింద లాకులోకి దూరే కెప్టెన్లను చూస్తారు. భర్త చక్రం దగ్గర నిలబడి “తాడు వెయ్యి, తాడు వెయ్యి” అంటాడు. భార్య “ఏ తాడండీ? ఎటు?” అంటుంది. గోడ దగ్గరపడుతుంది. పక్క పడవవాడు కాలు అడ్డం పెట్టబోతే లాకు ఉద్యోగి పైనుంచి అరుస్తాడు, కాలు తియ్యమని. పదహారేళ్లు కలిసి కాపురం చేసిన జంట మధ్య అంతవరకు రాని మాటలు ఆ పావుగంటలో వస్తాయి. అవి తెలుగులోనే వచ్చినా పైన ఉన్నవాళ్లందరికీ అర్థమవుతాయి.

మొదటి ప్రయాణం ఎక్కడికంటే శాన్ వాన్ దీవులకి. ఫ్రైడే హార్బరు సియాటిల్ నుంచి 60 నాటికల్ మైళ్ల పైమాటే. 20 నాట్లలో పోతే మూడు గంటలు, ఎనభై తొంభై గ్యాలన్లు, గ్యాలన్ ఐదు డాలర్లనుకున్నా ఒక్కవైపుకి నాలుగువందలకి పైన. అదే దీవికి అనకోర్టెస్ నుంచి ప్రభుత్వ ఫెర్రీ వెళ్తుంది, కారుతో సహా. దాని టికెట్టు ఈ పెట్రోలు ఖర్చులో చిన్న వంతు. పైగా కెప్టెను వేరే ఆయన. మనం సమోసా తింటూ కిటికీలోంచి ఓర్కాలు కనిపిస్తాయేమో చూసుకోవచ్చు.

దారిలో టాయిలెట్టు ప్రస్తావన వస్తుంది. ప్రకటనలో ఒక్క మాటగా పోయిన ఆ వస్తువు, పడవలో అన్నిటికంటే ఎక్కువ మాట్లాడించే వస్తువు. 2018 నుంచి ప్యూజెట్ సౌండ్‌లోకి పడవల మురుగు వదలడం నిషేధం, శుద్ధి చేసినా సరే. న్యాయమైన చట్టం, నేను నూటికి నూరుపాళ్లూ సమర్థిస్తాను. కానీ అప్పుడు అదంతా పడక కింద ఉన్న ట్యాంకులో దాచిపెట్టుకుని, పంప్-అవుట్ స్టేషన్ దాకా మోసుకెళ్లి, గొట్టం పెట్టి లాగించాలి. ముప్పై ఏళ్ల నాటి గొట్టాలు వాసనని పూర్తిగా ఆపవు. సాఫ్ట్‌వేరు ఆర్కిటెక్టు తొలిసారి ఆ గొట్టం చేతిలోకి తీసుకున్న రోజు నుంచి ఆ పడవ గంటల మీటరు నెమ్మదిస్తుంది. ఆ తర్వాత కదిలేది ఆగస్టులో సీఫేర్ ఉత్సవానికి మాత్రమే. లేక్ వాషింగ్టన్‌లో దుంగల వరస దగ్గర వందలాది పడవల మధ్య కట్టేసి, రెండ్రోజులు బ్లూ ఏంజెల్స్ విమానాలు చూసి, ఫొటోలు పెట్టి, మళ్లీ స్లిప్పుకి. ఇంజన్లు తిరిగింది మూడు గంటలు. లైకులు నాలుగొందలు.

ఇలాంటి పడవని అమ్మకానికి పెట్టాక ఎవరూ కొనకపోతే ఏమవుతుంది? ఫైబర్‌గ్లాసు కుళ్లదు, కరగదు, తుక్కు వ్యాపారి తూకానికి తీసుకోడు. యజమాని అద్దె కట్టలేక వదిలేస్తే అది ఏదో ఒక అఖాతంలో సగం మునిగి తేలుతుంది. అలా వదిలేసినవాటిని తీయించడానికి వాషింగ్టన్ సహజవనరుల శాఖకి 2002 నుంచి ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే ఉంది. ఆ పడవల్లోనూ కొన్ని ఒకప్పుడు ‘ప్రాణంలా చూసుకున్న’వే అయి ఉంటాయి.

మనవాడు అంత దాకా రానివ్వడు. మూడో ఏడు వేసవి చివర పాట్‌లక్‌లో, టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి ఫోనులో ఫొటోలు చూపిస్తున్నాడు. అమ్మేస్తున్నావా తమ్ముడూ అని అడిగితే, “అవునన్నా, 34 అడుగులు ఇరుకైపోయింది. మాకు ఇంకాస్త పెద్దది కావాలి. 38 అడుగులది ఒకటి చూశాం” అన్నాడు. వాళ్లావిడ వద్దంటుందేమోనని ఆశగా అటు తిరిగాను.

“పెద్దదైతే మంచిదే అన్నయ్యగారూ,” అందామె, పెరుగన్నం గిన్నె మూత పెడుతూ. “దాంట్లో రెండు టాయిలెట్లు ఉన్నాయట.”