ఫొటో తీశాం కదా, ఇక పేల్చండి

అనంతపురం జిల్లా రాయదుర్గం చుట్టుపక్కల రాయికి ఎప్పుడూ కొరత లేదు, కొరతంతా వానకే. అందుకే ఇక్కడ క్వారీ పెట్టేవాడికి ఒక వాదన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: పంట పండని నేలలో రాయి ఒక్కటే మిగిలింది, దాన్నీ కొట్టుకోనివ్వకపోతే జనం ఏం తిని బతకాలి? ఈ మాటకు ఎదురు చెప్పినవాడు పేదల నోటి కూడు లాక్కున్న పాపాత్ముడైపోతాడు. ఆ కొండ మీద ఆదిమానవులు చెక్కిన బొమ్మలున్నాయని ఎవరైనా అడ్డుపడితే, అప్పుడు ఇంకా మర్యాదైన వాదన బయటికొస్తుంది. పేల్చేముందు ఫొటోలు తీయిస్తాం, కొలతలు రాయిస్తాం, ఆర్టు పేపరు మీద పుస్తకం వేయిస్తాం, ఆవిష్కరణకు మంత్రిగారిని పిలుస్తాం, ఇక చరిత్రకు వచ్చిన నష్టమేమిటి? దీన్ని డాక్యుమెంటేషన్ అంటారు. ఉరి తీసేముందు మనిషిని స్టూడియోకు తీసుకెళ్లి మంచి ఫొటో తీయించే దయ ఇది.

ఆ దయ ఎంత పనికొస్తుందో తెలియాలంటే బళ్లారి పక్కనున్న సంగనకల్లు, కప్పగల్లు కొండల దాకా వెళ్తే చాలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చేదాకా మనదీ బళ్లారి జిల్లాయే కనుక, ఆ కొండలు మనకు కాగితం మీద మాత్రమే పరాయివి. అక్కడి హిరేగుడ్డ మీద లేతరంగు గ్రానైటును చీల్చుకుని నల్లటి డోలరైటు పట్టీ ఒకటి పైకి లేచింది. కొత్త రాతియుగపు జనం ఆ నల్లరాయితో గొడ్డళ్లు చేసుకున్నారు. ఆ బండల మీదే మూపురాల ఎద్దుల్ని, పొడుగు కొమ్ముల్ని, మనుషుల్ని, ఆడామగా కలయికల్ని పొడిచి చెక్కారు. కొన్ని బొమ్మలు ఎంత అందని చోట ఉన్నాయంటే, చెక్కినవాడు పైనుంచి వేలాడుతూ చెక్కి ఉండాలి. వీటి సంగతి 1892లోనే అచ్చయింది. 2004లో నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు ‘యాంటిక్విటీ’ పత్రికలో ఇంకో విశేషం రాశారు. ఈ గుండ్లలో కొన్నింటికి చిన్న గిన్నెల్లాంటి గుంటలున్నాయి. అక్కడ గ్రానైటు రాయితో కొడితే గంట మోగినట్టు మోగుతాయి. అంటే అక్కడ బొమ్మ, రాయి, మోత మూడూ కలిసి ఒకే వస్తువు. క్వారీల వల్ల ఈ చోటుకు ప్రమాదం ఉందన్న హెచ్చరిక కూడా అప్పుడే వినిపించింది. మోగే బండకు ఫొటో ఎట్లా తీస్తారో డాక్యుమెంటేషన్ పెద్దలు కాస్త సెలవిస్తే బాగుంటుంది.

మోతను రికార్డు చేస్తాం, కావాలంటే గుండునే లారీకెక్కించి పార్కులో పెడతాం అంటారు. గుండు మోగేది అది కింది బండకు ఎక్కడ ఆనిందో, ఎక్కడ ఆనలేదో దాన్నిబట్టి. సిమెంటు దిమ్మె మీద కూర్చోబెట్టిన గుండుకు నోరు పడిపోయినా, ముందు శిలాఫలకం మాత్రం నిగనిగలాడుతుంది. ఈ తరలింపు విద్యలో మనకంటే ముందు పట్టా పుచ్చుకున్నవాళ్లు ఆస్ట్రేలియాలో ఉన్నారు. అక్కడి మురుజుగలో గ్యాస్ ప్లాంటు కట్టేటప్పుడు 1980లలో దాదాపు 1,700 చెక్కడపు రాళ్లను ఎత్తుకెళ్లి ఒక కంచెలో పోశారు. 2025 జులైలో అదే మురుజుగకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి అక్కడి గ్యాస్ ప్రాజెక్టును 2070 దాకా నడుపుకోవడానికి ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం తుది అనుమతి ఇచ్చింది. ఒక చేత్తో బిరుదు, ఇంకో చేత్తో పొగగొట్టం! ఆ దేశంలోనే జూకన్ గోర్జ్ కథ ఇంకా చక్కనిది. 46,000 ఏళ్ల నాటి మనిషి జాడలున్న గుహను గనుల కంపెనీ రియో టింటో 2020 మే 24న పేల్చేసింది. దొంగచాటుగా కాదు, 1972 నాటి వారసత్వ చట్టం కింద అనుమతి పుచ్చుకుని మరీ. గగ్గోలు పుట్టాక అక్కడి రాష్ట్ర ప్రభుత్వం కొత్త చట్టం చేసింది. అది 2023 జులై 1న అమల్లోకి వస్తే, ఆగస్టు 8నే రద్దు ప్రకటన వెలువడి, సవరణలతో పాత చట్టమే మళ్లీ గద్దెనెక్కింది.

చట్టం కాపాడని బండకు మన ఊళ్లలో ఒక చిట్కా చెబుతారు. బండకు ఇంత పసుపు, ఇంత కుంకుమ పూసి అమ్మవారిని చేసెయ్యండి, ఏ జేసీబీవాడూ ముట్టుకోడు! చిట్కా బాగానే ఉంది కానీ, రాయదుర్గం పక్కనే, డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం వైపు సరిహద్దు కొండ మీద దాన్ని పరీక్షించి చూశారు. ఇనుప ఖనిజం వెర్రి ముదిరిన రోజుల్లో, 2006లో, సుగ్గలమ్మ గుడి పేలిపోయింది. అమ్మవారికే దిక్కులేనప్పుడు ఎద్దు బొమ్మకు కుంకుమ పెట్టి ఏం లాభం? ఆ కొండల్లో రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు గుర్తులే చెరిగిపోయాయని కేసులు నడిచాయి. ఓబుళాపురం అక్రమ తవ్వకాల కేసులో 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు గనుల వ్యాపారి గాలి జనార్దన్‌రెడ్డికి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను నిలిపేసింది. శిక్షకు అప్పీలుంది గానీ, తవ్వేసిన కొండ ఏ కోర్టుకు పోవాలి?

ఇక అసలు అభ్యంతరం, రక్షిత కట్టడాల జాబితాలో లేదు కదా అన్నది. నూరేళ్లు దాటిన గుహనూ, రాతి చెక్కడాన్నీ, శాసనాన్నీ 1958 నాటి చట్టం పురాతన కట్టడం కిందే లెక్కగడుతుంది. కానీ చుట్టూ 100 మీటర్ల నిషేధం వర్తించేది రక్షిత కట్టడంగా ప్రకటించినదానికే. ప్రకటించాలంటే ఎవరో వెళ్లి చూడాలి. చూసేవాళ్లు చాలరు కనుక ప్రకటన ఉండదు, ప్రకటన లేదు కనుక అక్కడేమీ లేదు! రాయదుర్గం కోటకొండకైతే పేరుంది, రససిద్ధుల గుహల దగ్గర బండకు చెక్కిన జైన మూర్తుల్ని చూపించేవాళ్లూ ఉన్నారు. పేరులేని గుట్ట మీది గీతల గురించి కలెక్టరాఫీసుకు చెప్పేదెవరు?

పేదల కూటి మాట మాత్రం నవ్వి తోసేయదగింది కాదు. కరువు నేలలో రోజుకూలి విలువ తెలియనివాడు వారసత్వం గురించి మాట్లాడకపోవడమే మంచిది. అయితే క్రషర్‌లో పడ్డ గుండు చివరికి అయ్యేది కంకర. ఇనుప ఖనిజం ఉన్నచోటే తవ్వాలి, ఒప్పుకుందాం. కంకరకు ఆ పట్టింపు లేదు, ఏ బోడిగుట్టయినా ఇస్తుంది. బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్ముడుపోయే డోలరైటు, హిరేగుడ్డ మీది పట్టీలాంటి డైకుల్లోనే దొరుకుతుంది గనుక అక్కడ ఈ వాదన కొంచెం బలహీనపడుతుంది. కానీ డైకులు అనంతపురం జిల్లాలో ఒకటీ రెండూ కావు, బొమ్మలున్నవి వాటిలో ఏ కొన్నో. బొమ్మలున్న కొండను వదిలి పక్క కొండకు పోతే కూలివాడి కూలి తగ్గదు. తగ్గితే లీజుదారుడి రవాణా లాభం కొంత తగ్గొచ్చు. ఆ కొంతనే ఇన్నాళ్లూ పేదల కూడని పిలుస్తున్నారు.

కావలసింది పెద్ద ఉద్యమమేమీ కాదు. లీజు ఇచ్చేముందు, రాతి చెక్కడాల్ని గుర్తుపట్టగల మనిషి ఒకరు ఆ కొండంతా నడిచి, ఉందనో లేదనో రాసి సంతకం పెట్టాలి. ఆలస్యమవుతుందంటారు. ఘనపు మీటర్లు లెక్కకట్టడానికి సర్వేయరు ఎలాగూ కొండెక్కుతాడు. ఆయన జీపులో ఇంకో సీటు ఖాళీగానే ఉంటుంది.