నడిచిన రాయి

నాకు కాళ్లు లేవు. అయినా ఒక్క రాత్రిలో నలభై అడుగులు నడిచాను.

హైదరాబాదు శివారులో ఒక చెరువుకు నేను ఎఫ్‌టీఎల్ రాయిని. చెరువు నిండి మత్తడి దూకే వేళకు నీళ్లు ఎంతవరకు పరుచుకుంటాయో ఆ గీత మీద నన్ను పాతి, తలకు ఎర్రరంగు పూసి, నంబరు వేసి పోయారు. నా అవతల ముప్పై మీటర్లు బఫర్. పది హెక్టార్లకు తక్కువ చెరువైతే తొమ్మిదే.

2013లో వచ్చిన హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో మా చెరువు నీలంగా చక్కగానే ఉంది. చిక్కంతా నేల మీద. నా లోపలి భూమిలో సగం సర్కారుది కాదు, శిఖం పట్టా, అంటే చెరువు కడుపులోనే ఉన్న రైతుల సొంత భూమి. నీళ్లు తీశాక ఒండ్రులో జొన్న వేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. రోడ్డవతల గజం ధర ఏటేటా ఎగబాకుతుంటే, ఇటువైపు ముసలి రైతుకు దక్కింది నీలం రంగొక్కటే. ఊరందరి కోసం నీ భూమి చెరువుగానే ఉండాలన్నవాళ్లు, అందుకు ఆయన చేతిలో పైసా పెట్టలేదు. అడ్వాన్సు పట్టుకొని వచ్చినవాడికి ఆయన సంతకం పెట్టాడంటే నేను తప్పుపట్టను.

ఆ వెనకే టిప్పర్లు దిగాయి. ముందు కూల్చిన ఇళ్ల శిథిలాలు, పైన మొరం. ఒక రాత్రి జేసీబీ పళ్లు నా మొదట్లో దిగాయి.

"ఏడ పెట్టాలన్నా?"

"నీళ్లకాడికి జరుపు."

తెల్లారేసరికి నా వెనక సున్నం గీతలు, ప్లాటు నంబర్లు.

అనుమతి లేని లేఅవుట్లకు రుసుము కట్టించుకొని ముద్ర వేసే ఎల్‌ఆర్‌ఎస్ 2015లో వచ్చింది, 2020లో మళ్లీ వచ్చింది. చెరువు శిఖానికి వర్తించదన్నారు. మరి శిఖం ఎక్కడిదాకా అంటే అందరూ చూపించేది నన్నే! ముందు ప్లాను, తర్వాత ఊరు అని చదువుకున్నవాళ్లు చెబుతారు. నేను చూసింది వేరు: ఊరు ముందు పోతుంది, ప్లాను రసీదు పుస్తకం పట్టుకొని వెనక వస్తుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్లు కాపుకాసిన 111 జీవో ఆంక్షలనే ఎత్తేస్తూ 2022లో ఉత్తర్వు ఇచ్చారు, ఇక నేనెంత?

2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత. పై చెరువు మత్తడి దూకింది. నాలా ఇరుకు. నీళ్లు నన్ను ముంచి, నన్ను దాటి పోయి, సరిగ్గా నా పాత చోట ఆగాయి. ఆ ప్లాట్లలో లేచిన ఇళ్ల సెల్లార్లలో కార్లు తేలాయి.

"రాయి ఇక్కడుంటే నీళ్లు అక్కడికెట్ల వస్తయ్ సార్?" అని ఇంజనీరును నిలదీశాడు ఒక ఇంటాయన.

"సర్వే చేయిస్తం," అన్నాడాయన.

చేయించారు కూడా. తీరా నా అసలు చోటు ఒకరి వంటగదిలో తేలింది. నన్ను అక్కడ పాతడం కుదరక, ఆ ఇంటి గోడ మీదే ఎర్ర పెయింటుతో నా నంబరు రాసి పోయారు. సంక్రాంతికి ముందే ఆ ఇంటాయన గోడకు రంగు వేయించాడు.