మేజర్ సాబ్ దండయాత్ర

1948 సెప్టెంబర్ 13న విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ సంస్థానం మీదికి బయల్దేరిన భారత సైన్యం పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరింది. మధ్యాహ్నానికి మునగాల, ఆ తర్వాత సూర్యాపేట. మా మేజర్ సాబ్ సైన్యం మాత్రం ఆరేళ్లుగా బయల్దేరుతూనే ఉంది. ఇంకా కోదాడ పొలిమేర తొక్కలేదు. బూట్లకు రంగు ఆరలేదట.

మేజర్ అన్నది చాయ్ హోటల్ వాళ్లు పెట్టిన పేరు. ఆయన ఎన్‌సీసీలో కూడా చేరలేదు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాడు. కాపురం సూర్యాపేట, అత్తగారిల్లు కోదాడ. ప్లాస్టిక్ సిపాయి బొమ్మలకు రంగులేస్తాడు. "పిల్లలకా సారూ?" అని అడిగినవాడితో మూడు నెలలు మాట్లాడడు.

ఆయన లోకమంతా ముప్పైఅయిదో వంతులో ఉంటుంది. అయిదడుగుల ఎనిమిదంగుళాల జవాను ఆ లెక్కన అయిదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తాడు. కన్ను మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ 35 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, 1961లో జపాన్ తమియా కంపెనీ పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టుకుంది. అదే తర్వాత కొలతై కూర్చుంది. ఈ సంగతి మిల్లు హమాలీలకు కూడా తెలుసు. పాపం, వాళ్లకు తప్పించుకునే దారి లేదు, నెత్తిమీద బస్తా ఉంటుంది.

మొదట్లో హార్డ్‌వేర్ దుకాణంలో గేట్లకేసే ఎనామిల్ తెచ్చి డబ్బాలోంచి నేరుగా పూశాడు. చొక్కా మడతలు పూడిపోయాయి, ముక్కులు మునిగిపోయాయి. తర్వాత తెలిసింది, ఆక్రిలిక్ రంగును పాలంత పలచగా కలిపి రెండు మూడు పూతలు వెయ్యాలని. ఆపైన సన్న కుంచెల పిచ్చి పట్టింది. ఎంత సన్నగా ఉంటే అంత గొప్పని వెంట్రుకలాంటివి తెప్పించాడు. సూర్యాపేట ఎండలకు ఆ రంగు బొమ్మ దాకా పోకముందే మొనమీద ఆరిపోయేది. కుంచెకు మొన చక్కగా ఉంటే చాలు, పొట్ట లావుగానే ఉండాలి, రంగు నిలిచేది అందులోనే అని కనుక్కోవడానికి ఏడాది పట్టింది. ఇక సీసామీద 'చర్మం రంగు' అని రాసి ఉన్నది యూరప్ చర్మం. సూర్యాపేటను పట్టుకున్న 5వ గూర్ఖా రెండో బెటాలియన్ జవాన్లు ఆయన బల్లమీద గులాబీ బుగ్గలతో తేలారు. గోధుమ, ఎరుపు కలుపుకుంటూ వాళ్లను మళ్లీ నేపాల్ చేర్చాడు.

చేయి తిరిగే కొద్దీ మనిషి మారిపోయాడు. వెలుగు పైనుంచి పడుతుంది, మడత లోపల నీడ, అంచుమీద మెరుపు అన్నది ఆయనకు మతం. మిర్యాలగూడ బస్సులో కండక్టర్ ఖాకీ చొక్కాను చూసి, "ఆ మోచెయ్యి కొంచెం అట్లనే పట్టుకో తమ్ముడూ" అన్నాడు.

"ముందుగాల చిల్లర ఇయ్యి సారూ."

ఇంట్లో యుద్ధం వేరు. "ఈగంత సిపాయికి ఆరు కోట్లేస్తరు. గా గేటుకు ఒక్క కోటేస్తే ఏం బోయింది?" అంది వాళ్లావిడ. ఆయన భూతద్దం పెట్టుకునే బయటికొచ్చి గేటు చూశాడు. "దాన్ని ముట్టకు! గిట్లాంటి తుప్పు జపానోళ్లకు గూడ రాదు!" అని ఫొటోలు తీసుకున్నాడు. ఆనాడు కోదాడ దారిలో ఎదురు నిలిచిన హైదరాబాద్ లాన్సర్లకు హంబర్, స్టాగ్‌హౌండ్ అనే ఆర్మర్డ్ కార్లుండేవి. ఆ స్టాగ్‌హౌండ్ బంపర్‌కు ఇప్పుడు ఆవిడ గేటు తుప్పే ఉంది.

కళ్ల దగ్గర మాత్రం చాలాకాలం ఓడిపోయాడు. జవాన్లందరూ శత్రువును కాక కరెంటు బిల్లును చూసినట్టు కళ్లు తేలేసేవాళ్లు. చవితి ముందు వినాయక విగ్రహాల షెడ్డులో రంగులేసే కుర్రాడు ఇది చూసి, "ఊపిరి బిగబట్టకు సారూ, ఇడిచేటప్పుడు గియ్యి. నల్లగుడ్డు పైరెప్పకు తగలాలె" అన్నాడు. నా లెక్కలో ఆరేళ్లలో ఆయనకు దొరికిన గురువు అతనొక్కడే. మిగతావాళ్లంతా కుంచెలమ్మినవాళ్లు.

ఇక మిగిలింది యూనిఫాం. పాత ఫొటోలన్నీ నలుపు తెలుపు. అప్పట్లో పిల్లాడిగా ఉన్న ఒక ముసలాయన మునగాల దగ్గర ఉన్నాడని తెలిసి పరుగెత్తాడు.

"తాతా, సిపాయిల బట్టలు ఖాకీయా, పచ్చయా?"

"నేనేడ జూసిన బిడ్డా. మా అమ్మ నన్ను గాబు ఎన్క దాచె. బండ్ల టైర్లొక్కటే కనవడ్డయ్."

మేజర్ సాబ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆయన అన్నిటికన్నా కష్టపడ్డది టైర్ల దగ్గరే. మునగాల రోడ్డు పక్క మట్టి తెచ్చి, ఎండబెట్టి, ఇంట్లో చాయ్ జాలీతో జల్లించి, ఒక్కో గాడిలో కుంచెతో అద్దాడు. ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూపించాడు. ముసలాయన కళ్లు చికిలించాడు.

"గిదేంది?"

"దుమ్ము తాతా. ఈ ఊరి దుమ్మే."

"భాద్రపదంల దుమ్మెక్కడిది బిడ్డా? మోకాలిదాక బురద."

మరునాడు ఆవిడకు చాయ్ జాలీ దొరికింది. పప్పు గంటె కనబడకుండా పోయింది.