మా ఇంటికి రాని మాల్టీపూ

మీతో కాబట్టి చెబుతున్నాను, ఎక్కడా అనకండి. రిటైరయిన మగాడికి ఇంట్లో ఎంత విలువ ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పేపరు ముందు మా ఆవిడ చదవాలి. రిమోట్ చిన్నమ్మాయిది. ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చుంటే పనమ్మాయి వచ్చి "కాళ్ళెత్తండి సార్" అంటుంది. పిలిస్తే పలికే ప్రాణి ఇంట్లో ఒక్కటైనా ఉంటే బావుండునని నాకు అనిపించిందంటే, అనిపించదూ?

అంతవరకే అయితే ఏ కుక్కయినా సరిపోయేది. కానీ మా బావమరిది డాలస్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం వీడియో కాల్. అందులో ముందు కనపడేది వాడు కాదు, వాడి కుక్క కూపర్. తేనెరంగు ఉంగరాల జుట్టు, మనిషి చూపు. "కూపర్ తిన్నాడా?" అని మా ఆవిడ ఎంతో ఆప్యాయంగా అడుగుతుంది. ఆ మాట నన్నడిగి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టడం మానేశాను.

"ఏం జాతిరా అది?" అన్నానోసారి.

"గోల్డెన్‌డూడుల్ బావా. ఎఫ్ వన్ బీ."

వీడు ఎఫ్ వన్ వీసా మీద వెళ్ళి హెచ్ వన్ బీకి మారేలోగా మా మామగారు ఎన్ని గుళ్ళకు మొక్కుకున్నారో నాకు తెలుసు. వాడి కుక్కేమో పుట్టుకతోనే రెండూ కలిపి తెచ్చేసుకుంది! తర్వాత వాడే విడమరిచి చెప్పాడు. గోల్డెన్ రిట్రీవర్‌కీ పూడుల్‌కీ పుట్టింది ఎఫ్ వన్. దాన్ని మళ్ళీ పూడుల్‌తో జత కడితే పుట్టేది ఎఫ్ వన్ బీ. అంటే ముప్పాతిక వంతు పూడులే. ధర అడిగాను. డాలర్లలో చెప్పాడు. మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని, గొంతు సవరించుకుని, "పర్లేదు, చవకే" అన్నాను.

మా అపార్ట్‌మెంట్ సంగతి కూడా చెప్పాలి. మూడో అంతస్తు వాళ్ళకి షిట్జూ ఉంది. బీ బ్లాకు వాళ్ళకి హస్కీ. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పుట్టిన ఆ జాతి, మే నెలలో మణికొండలో లిఫ్టు కోసం నాలుక వేలాడేసుకుని నిలబడుతుంది. ఎక్కినవాళ్ళంతా "హాయ్ బ్రూనో" అని దాన్ని పలకరిస్తారు. పక్కనే ముప్పై ఏళ్ళు ట్రెజరీలో లెక్కలు చూసిన నేనుంటాను. దగ్గినా తిరిగి చూడరు.

అందుకని ఎవరి దగ్గరా లేని కుక్క కావాలనుకున్నాను. మా రెండు గదుల ఫ్లాటులో కూపరంత కుక్క పట్టదు కాబట్టి మాల్టీపూ. అంటే మాల్టీస్‌కీ బుల్లి పూడుల్‌కీ పుట్టిన పిల్ల. చిన్నమ్మాయి రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదువుతోంది. "మన జోనంగి తెచ్చుకుందాం నాన్నా. కొల్లేటి వైపు బాతుల్ని కాసే కుక్క. మన ఎండకి తట్టుకుంటుంది" అంది. మంచి కుక్కే, కాదనను. కానీ ఆదివారం వీడియో కాల్‌లో జోనంగిని చూపిస్తే కూపర్ ఏమనుకుంటాడు?

మా ఆవిడకి దుమ్ము పడదు. అటక మీది జాడీ దించితే సాయంత్రం దాకా తుమ్ములే. కాబట్టి నా వాదన అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. "దీని వెంట్రుకలు రాలవు. అలర్జీ రానే రాదు. పూడుల్ తెలివి, మాల్టీస్ నెమ్మది. రెండు జాతులు కలిశాయి కాబట్టి రోగాలు దగ్గరికి రావు. హైబ్రిడ్! ఫోన్లో మాట్లాడాను, ఎనభై వేలకి ఇస్తానన్నాడు."

మా ఆవిడది గుంటూరు జిల్లా, మిరప పండించిన ఇల్లు. హైబ్రిడ్ అన్న మాట ఆమె చెవిన పడకుండా ఉండాల్సింది.

"హైబ్రిడ్ విత్తనం మొదటి పంట బాగానే ఉంటుంది. డబ్బు మిగులుతుందని మా నాన్న ఆ కాయల్లో గింజలే దాచి మరుసటేడు వేశాడు. ఒక మొక్కకి పొడుగు కాయ, ఒక మొక్కకి పొట్టి కాయ, ఒకదానికి అసలు కాపే లేదు. మీ కుక్క ఎన్నో పంటండీ?"

చిన్నమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి అన్నాల దగ్గర నాకు క్లాసు పీకింది కూడా.

ఈ డూడుళ్ళ మోజు ఆస్ట్రేలియాలో మొదలైందట. 1980ల చివర్లో, చూపు లేనివాళ్ళకు తోడుండే కుక్కల్ని తయారుచేసే సంస్థ ఒకటి విక్టోరియాలో ఉండేది. అక్కడ కుక్కల పెంపకం చూసే ఆయన వాలీ కాన్రన్. హవాయి నుంచి చూపు లేని ఒకావిడ కుక్క కావాలని రాసింది. చిక్కేమిటంటే ఆవిడ భర్తకి కుక్క వెంట్రుకలు పడవు. జుట్టు రాలని జాతి కదా అని కాన్రన్ మూడేళ్ళలో 33 పూడుళ్ళను పరీక్షించాడు. ఒక్కటీ ఆ పనికి నిలబడలేదు. చివరికి లాబ్రడార్‌కి పూడుల్‌ని జత కట్టాడు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి వెంట్రుకలు, లాలాజలం హవాయికి పంపితే భర్తగారికి పడింది ఒక్కదానివే. దాని పేరు సుల్తాన్.

"ఒకే ఈతలో మూడింట ఒక్కటి నాన్నా. అలర్జీ రానే రాదని నువ్వు చెప్పిన జాతి చరిత్ర అదీ."

ఇంకా ఉంది. ఆ పిల్లల్ని పెంచిపెట్టమంటే, కుక్కల కోసం వరసలో ఉన్నవాళ్ళు కూడా సంకర జాతి మాకొద్దన్నారట. అప్పుడాయన లాబ్రడూడుల్ అని పేరుపెట్టి పేపర్లకెక్కించాడు. ఇక ఫోన్లే ఫోన్లు. కుక్కలు అవే. మాకొద్దన్న నోళ్ళే మాక్కావాలన్నాయి. కానీ 2019లో ఆ పెద్దాయన ఆస్ట్రేలియా రేడియోతో మాట్లాడుతూ, జీవితంలో తను చింతించే పని అదేనని చెప్పుకున్నాడు. ఏ జబ్బులున్నాయో చూడకుండా, డబ్బు కోసం ఎవరు పడితే వాళ్ళు దేనికి పడితే దానికి పూడుల్‌ని కట్టేస్తున్నారని ఆయన బాధ.

"అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు. లాలాజలంలో, చర్మం పొట్టులో ఉండే ప్రోటీను. నెదర్లాండ్స్‌లో కొలిచి చూసి 2012లో రాశారు. అలర్జీ రాదని పేరున్న జాతుల వెంట్రుకల్లో అది తక్కువేమీ లేదు."

ఆ మాట వింటూనే మా ఆవిడ కుక్క లేకుండానే తుమ్మింది.

"మరి రోగాలు రావన్నది?" అన్నాను, చారు కలుపుకుంటూ.

"లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు 2024లో లెక్క తీశారు. కాకపూ, కావపూ, లాబ్రడూడుల్ అనే పూడుల్ సంకరాల ఆరోగ్యం చాలామటుకు వాటి తల్లిదండ్రుల జాతుల్లాగే ఉంది. పెద్ద మేలూ లేదు, పెద్ద కీడూ లేదు. లాబ్రడార్‌లోనూ పూడుల్‌లోనూ చూపు పోయే వంశపారంపర్యపు జబ్బు ఒకటి ఉంది. రెండు వైపులా ఉన్నది కలిపినంత మాత్రాన ఎక్కడికి పోతుంది? జత కట్టకముందే తుంటి ఎక్స్‌రే, కళ్ళ పరీక్ష, డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి. అది ఖర్చు."

మా ఆవిడ కంచం తీస్తూ ఆఖరి దెబ్బ కొట్టింది. "పెద్దదాని పెళ్ళికి కులం, గోత్రం, ఏడు తరాలూ ఆరా తీశారు. కుక్క దగ్గరికొచ్చేసరికి కులాంతరానికి ఎదురు ఎనభై వేలు ఇస్తారా? తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని అన్నారు. పదండి, ముందు తల్లిని చూద్దాం."

అమ్మేవాడు ఆదివారం అత్తాపూర్‌లో ఫ్లైఓవర్ కింద ఫలానా నంబరు పిల్లర్ దగ్గరికి రమ్మన్నాడు. షాపెక్కడ అంటే, "షాపు లేదు సార్, డైరెక్టు ఫామ్ నుంచే" అన్నాడు. ఫామ్ నుంచి అంటే తాజా అని నాకు సంతోషం వేసింది.

ఇరవై ఏళ్ళ కుర్రాడు. స్కూటీ మీద ముందు కాళ్ళ దగ్గర ఆపిల్ పళ్ళ అట్టపెట్టె. పాత తువ్వాలు తీస్తే పులిసిన పాల వాసన, దాని వెనకాల తెల్లటి బుల్లి పిల్ల. వేలు పెట్టాను. చప్పరించడం మొదలుపెట్టింది. నా పని అయిపోయింది. ఆ క్షణంలో ఎవరైనా క్యూఆర్ కోడ్ చూపించి ఉంటే ఎనభై వేలూ కొట్టేసేవాణ్ణి.

చిన్నమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని, చిటికెన వేలితో పెదవి పైకెత్తి చూసింది. పాలపళ్ళు ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. పక్కటెముకలు తెలుస్తున్నాయి, పొట్ట మాత్రం గుండ్రంగా బిగుసుకుని ఉంది. "నులిపురుగులు" అంది. "ఎన్ని వారాలు?"

"పది నిండాయి మేడమ్."

"ఐదు నిండితే గొప్ప."

మా ఆవిడ ముందుకొచ్చింది. "తల్లేదీ బాబూ?"

"బెంగళూరు ఫామ్‌లో ఉందమ్మా. ఫొటో ఉంది." ఫోన్ చూపించాడు. సోఫా మీద మహారాణిలా తెల్ల కుక్క. వెనక అద్దాల కిటికీ. నేను మురిసిపోతూ ఉండగా మా ఆవిడ ఆ ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది.

"బెంగళూరులో మంచెప్పట్నుంచి కురుస్తోంది బాబూ?"

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ, ఎన్నో ఈత?"

"అంటే అమ్మా?"

"దాన్ని ఎన్నిసార్లు ఈనించారని."

"నాకు తెలీదమ్మా. నేను మధ్యలో వాణ్ణి. బస్సులో వస్తాయి, నేను దించుకుంటాను." ఆ మాట మాత్రం నిజమే చెప్పాడనిపించింది.

చిన్నమ్మాయి నాకు వినపడేలా కుర్రాడితో చెప్పింది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం నిబంధనలు పెట్టింది. పెంచేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి. తల్లికి ఏడాదిన్నర నిండనిదే జత కట్టించకూడదు. ఏడాదికి ఒక ఈత మించకూడదు, మొత్తం మీద ఐదు దాటకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. వాడు బిత్తరపోయి చూస్తున్నాడు. నేనూ అంతే.

"పోనీలే పాపం, దీన్నయినా మనం..." అని నసిగాను.

"నాన్నా, నువ్వు జాలిపడి కొన్నా వాడికది అమ్మకమే. రేపు అక్కడ ఆ తల్లికి ఇంకో ఈత. దాన్ని మాత్రం ఎవరూ పిల్లర్ దగ్గరికి తీసుకురారు" అంది. కుర్రాడికి నులిపురుగుల మందు పేరు, డోసు చీటీ మీద రాసిచ్చింది. వాడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి నేనే, "జంతువుల్ని హింసిస్తే జరిమానా ఎంత?" అన్నాను. 1960 నాటి చట్టం. మొదటి తప్పుకి పది నుంచి యాభై రూపాయలు. పిల్లర్ పక్కన కారు ఆపినందుకు అప్పటికే నా ఫోన్‌కి వచ్చిన చలానా అంతకంటే చాలా ఎక్కువ.

చెప్పడం మరిచాను. అప్పటికే తాడు, గిన్నె, దువ్వెన ఆన్‌లైన్‌లో తెప్పించేశాను. మంచం కింద దాచినవి ఊడుస్తుంటే బయటపడ్డాయి. మా ఆవిడ దువ్వెన చూసి, "పూడుల్ జుట్టు రాలదు సరే. రాలదు కాబట్టే జడలు కడుతుందట, రోజూ దువ్వాలట. ముందు మీరు పొద్దున్నే ఐదున్నరకి లేచి ఈ తాడు పట్టుకుని తిరిగి రండి. అలవాటైతే అప్పుడు చూద్దాం" అంది.

రోషం వచ్చింది. లేచాను. కుక్క లేని తాడు చేత్తో పట్టుకుని బయల్దేరాను. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "తప్పిపోయిందా సార్?" అని కార్ల కింద వంగి వెతకడం మొదలుపెట్టాడు. వద్దంటే ఊరుకోడు. ఏం రంగు అని అడిగాడు. తెలుపు అని చెప్పాను, ఏం చేయను!

ఒక లాభం మాత్రం ఒప్పుకోవాలి. లిఫ్టులో ఇప్పుడు అందరూ నన్ను పలకరిస్తున్నారు. "అంకుల్, కుక్కేదీ?" అంటారు. దాంతో వాకింగ్ ట్రాక్ మీద నాకు కుక్కల నిపుణుడిగా పేరొచ్చింది. పామ్‌స్కీ కొనాలనో కావపూ కొనాలనో ఎవరైనా అంటే చాలు, బెంచీ మీద కూర్చోబెడతాను. "తల్లిని చూశారా? ఎన్నో ఈత? తుంటి ఎక్స్‌రే ఉందా? జాతులు కలపడం తప్పని నేనననండీ. పగ్గులు అచ్చమైన జాతే, ముక్కు అణిచీ అణిచీ ఊపిరాడకుండా చేయలేదూ? తల్లిని చూపించగలిగినవాడి దగ్గరే కొనండి." వాళ్ళు, "మీకు చాలా తెలుసే" అంటారు. "ఏదో, చదువుతుంటాం లెండి" అంటాను. ఒకరోజు వెనక్కి తిరిగితే పాల ప్యాకెట్లు పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉంది. ఆ పూట కాఫీలో పంచదార లేదు.

ఆ జోరులోనే ఆదివారం బావమరిదిని నిలదీశాను. "ఒరేయ్, అంత డబ్బు పోశావు. కూపర్ తల్లిని చూశావా అసలు?"

"చూడకుండా ఎలా కొంటాం బావా? తల్లితో ఒక పూట ఉన్నాం. రెండు వైపులా తుంటి ఎక్స్‌రే, కళ్ళ పరీక్ష కాగితాలు కూడా ఇచ్చారు. అవి లేకుండా కొనొద్దని అక్కా, చిన్నదీ కలిసి అప్పుడే లిస్టు పంపారుగా!"

నేను మా ఆవిడ వైపు తిరిగాను. "మరి నాకు ఒక్క ముక్కయినా చెప్పలేదేం?"

ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ తలెత్తకుండా అంది: "మీరు వాణ్ణి అడిగింది ధర ఒక్కటేగా."