మోచేతి కింది ఆట

‘ఫిజికల్ గేమ్ అండీ!’ ఈ ఒక్క మాట పుట్టాక, కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జెర్సీ చిరిగినా పెదవి పగిలినా అడిగే దిక్కు లేకుండా పోయింది. బంతితో దూసుకొచ్చే కుర్రాడి నడుం మీద ఒక చెయ్యి, జెర్సీలో రెండు వేళ్లు, డొక్కలో మోచెయ్యి. ఇదీ డిఫెన్స్. కాళ్లు కదిపి అడ్డం నిలవడం చేతకానివాడు చేతులతో చేసే పనికి ఇంత మర్యాదైన పేరు పెట్టినవాడెవడో గానీ, వాడికి మంత్రి పదవి ఇవ్వాల్సింది.

విజయవాడ వన్ టౌన్‌లో, పండగ ముందు రోజు కాళేశ్వరరావు మార్కెట్‌లో భుజం తగలకుండా నడిచినవాడు లేడు. కానీ అక్కడ తోసినవాడు కనీసం ‘చూసుకోండి బాబూ’ అంటాడు. కోర్టులో తోసినవాడు రెండు చేతులూ పైకెత్తి ‘నేనేం చేశాను సార్’ అంటాడు. ఆ రిఫరీ సారూ నమ్ముతాడు! కృష్ణా తీరపు కుర్రాడికి కబడ్డీ ఉగ్గుపాలతో వచ్చింది. అక్కడ పట్టుకుంటే పాయింటు, ఇక్కడ పట్టుకుంటే ఫౌలు. ఈ తేడా చెప్పాల్సినాయన మెళ్లో ఈల వేసుకుని, తనూ కబడ్డీయే చూస్తున్నాడు.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఈ ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 13 రూల్స్ రాశాడు. అయిదోది: భుజంతో కుమ్మడం, పట్టుకోవడం, తొయ్యడం, కాలడ్డం పెట్టడం, కొట్టడం కూడవు, రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయటే. అమాయకుడు. తర్వాత అంతర్జాతీయ సమాఖ్య ఫిబా వచ్చి ప్రతి ఆటగాడి చుట్టూ ఊహా స్తంభం నిలబెట్టి, అందులోకి చొరబడ్డవాడిదే తప్పంది. పక్కింటి గోడకే హద్దు తేలని చోట ఊహా స్తంభం ఎవడికి కనిపిస్తుంది?

అమెరికా కాలేజీలకీ ఈ జబ్బు చేసింది. 2012-13 సీజన్‌లో మ్యాచ్‌కి జట్టు సగటు 67.5 పాయింట్లకి పడింది; మూడు దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. మరుసటి సీజన్ నుంచి, డ్రిబుల్ చేసేవాడి మీద చెయ్యి ఆనించి ఉంచితే ఫౌలేనని గట్టిగా ఈలలేశారు. కోచ్‌లు గగ్గోలు పెట్టారు. స్కోర్లు మాత్రం పెరిగాయి.

మనకంత రభస దేనికి? ఈల వేసేది పక్క కాలేజీ ఫిజికల్ డైరెక్టర్, అదే పీడీ గారు. వచ్చే నెల ఆయన టీమ్ ఆడితే ఈల మన పీడీ గారిది. అంచేత మొదటి క్వార్టర్‌లో రూల్ బుక్, చివరి క్వార్టర్‌లో ‘పోనీండి, ఆడుకోనివ్వండి’. హోమ్ టీమ్ సెంటర్‌కి నాలుగు ఫౌళ్లు పడ్డాయా, రిఫరీ చూపు మసకబారుతుంది. అయిదోది వేస్తే వాడు బెంచీ ఎక్కాలి, ముందు వరసలో కరస్పాండెంట్ గారి మొహం మాడాలి. వెయ్యని ఆ ఈల తటస్థం అనుకునేరు! అది లావుపాటివాడి పక్షం. చూపూ వేగమూ ఉన్న బక్క గార్డుకి కోచ్ చెప్పేది ఒక్కటే: ‘ఒళ్లు చెయ్యరా’.

గాంధీ కొండ మీద 1968లో 52 అడుగుల స్తూపం ఆవిష్కరించుకున్న ఊరు కదా మనది. అహింస పైన, ఆట కింద.

ఒక్క విన్నపం. టోర్నమెంట్ చివర రిఫరీలకి ఎలాగూ శాలువా కప్పుతారు. ఈసారి ఆఖరి క్వార్టర్‌లో, హోమ్ టీమ్ సెంటర్‌కి అయిదో ఫౌల్ వేసిన ఆ నిమిషంలోనే కోర్టులోకొచ్చి కప్పండి. ఎవరూ అర్హులు కాకపోతే శాలువాల డబ్బు మిగులుతుంది; బక్క గార్డుకి ఐస్‌ప్యాక్‌లు కొనండి.