ముందు నా నకలు తీయండి

నేను హార్డ్ డిస్క్‌ని. మా వంశానికి మూలపురుషుడు 1956లో ఐబీఎం రామాక్ యంత్రంతో పాటు పుట్టాడు. 24 అంగుళాల పళ్ళేలు 50 ఉన్నా ఆయనలో పట్టింది ఐదు మెగాబైట్ల లోపే. నాలో ఒక టెరాబైట్ పడుతుంది. నా పళ్ళేలు నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి. చదివే హెడ్డు వాటిని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలిలో తేలుతుంది. తల వెంట్రుక మందంలో అది పదివేలవ వంతు కూడా ఉండదు.

రాజమండ్రిలో ఒక ఫొటో స్టూడియో కంప్యూటర్లో నా కాపురం. తలంబ్రాలు, అప్పగింతలు, అన్నప్రాశనలు అన్నీ నా దగ్గరే దాచారు. ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా, రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. కొన్నాళ్ళకు ఫోల్డర్లు తెరుచుకోవడానికి సతాయించాయి. స్టూడియో ఆయన విండోస్‌లో డిస్కుల్ని తనిఖీ చేసే చెక్‌డిస్క్ నడిపించాడు. డ్రైవ్ వాడకంలో ఉంది, ఇప్పుడు కుదరదంది విండోస్. అది నా జబ్బు కాదు. విండోస్ నా మీదే నడుస్తోంది కాబట్టి నన్ను పూర్తిగా తన చేతికి తీసుకుంటే తప్ప చెక్‌డిస్క్ మరమ్మతు మొదలుపెట్టలేదు. మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు చెక్ చేయడానికి ఒప్పుకుంటే సరిపోతుంది. ఆయన అలాగే చేశాడు. ఈసారి మొదలైంది గానీ, సగంలో కదలకుండా నిలబడిపోయింది. నా లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు.

రిపేరు కుర్రాడు వచ్చీ రాగానే ఆ చెకింగ్ ఆపించాడు.

"మళ్ళీ ఒకసారి నడిపి చూద్దామా బాబూ?"

"వద్దు బాబాయ్. ముందు స్మార్ట్ రిపోర్టు చూద్దాం."

స్మార్ట్ అంటే నా ఒంటి సంగతులు నేనే రాసుకునే చిట్టా. అందులో సీఆర్సీ ఎర్రర్ల లెక్క సున్నా. అది పెరుగుతూ ఉంటే ముందు సాటా కేబులు మార్చి చూడాలి. నా తేడా అక్కడ లేదు. పెండింగ్ సెక్టార్ల లెక్క మాత్రం చూస్తుండగానే పెరిగింది. చదవబోతే అందని సెక్టార్లవి. ఒక్కొక్కదాన్ని పట్టుకుని నేను మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంటేనే చెకింగ్ నిలిచిపోయింది.

మీరు తెలుసుకోవాల్సింది ఇదే. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేయడం. మీ ఫొటోలు కాపాడటం దాని పని కాదు. లెక్క కుదరకపోతే చెడిన ఎంట్రీని కొట్టేస్తుంది. మిగిలిన ముక్కల్ని ఫౌండ్ అనే ఫోల్డర్లో పేరూ ఊరూ లేని ఫైళ్ళుగా పడేస్తుంది. దానికి స్లాష్ ఆర్ ఆప్షన్ పెడితే నా పళ్ళేల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివిస్తుంది. ఒంట్లో బాగున్న డిస్క్ దాన్ని తట్టుకుంటుంది. హెడ్డు దెబ్బతిన్న నాలాంటిదానికి ఆ శ్రమే ప్రాణం తీయొచ్చు.

కుర్రాడు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో నన్ను కొత్త డిస్క్‌లోకి కాపీ చేశాడు. అది బాగున్న చోట్లన్నీ ముందు చదివేసి, మొరాయించే చోట్లను చివరికి ఉంచుతుంది. ఉన్న కాస్త ఓపికా ముందుగా పనికొచ్చే వాటికి ఖర్చయింది. ఆ తర్వాతే చెక్‌డిస్క్ నడిపారు, నా మీద కాదు, ఆ కాపీ మీద. అక్కడ అది చివరిదాకా వెళ్ళింది. కొన్ని ఫొటోలు సగం బూడిదరంగు చారలతో తేలాయి. మిగతావన్నీ దక్కాయి.

ఇప్పుడు నన్ను ఎవరూ వాడరు. దానికి నాకు దిగులు లేదు. తిరిగే యంత్రం ఏదో ఒకనాడు ఆగాల్సిందే. కానీ నాతోపాటు ఒక ఇంటి పెళ్ళి ఫొటోలు పోనక్కర్లేదు. మీ డిస్క్ చెకింగ్ ఆగిపోయిందంటే మళ్ళీ అదే బటన్ నొక్కకండి. వాడకంలో ఉందేమో, కేబులు వదులైందేమో, స్మార్ట్ ఏమంటోందో చూడండి. సెక్టార్లు చెడుతున్నాయని తేలితే ముందు కాపీ, తర్వాతే రిపేరు. ఇంకా ఏ చెడూ కనపడలేదంటే, ఈ రోజే రెండో కాపీ తీసి వేరే చోట పెట్టండి.